నీళ్లు తాగని కత్తి

ఒకే రేకులోంచి కోసిన రెండు కత్తులు బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఒకటి కొలిమిని చూసింది, రెండోది చూడలేదు. రెండింటికీ ఒకే మెరుగు, ఒకే అంచు, ఒకే పిడి. చేత్తో ఎత్తి చూస్తే బరువులో తేడా లేదు. కాగితాన్ని రెండూ సర్రున కోస్తాయి. బజారులో పెడితే రెండింటికీ ఒకే ధర పలుకుతుంది. తేడా బయటపడేది కొన్నాళ్ల తరువాత, ఎవరి వంటింట్లోనో, టమాటా తొక్క మీద. ఒక కత్తి దిగుతుంది. రెండోది తొక్కను నొక్కి, జారి, రసం చిమ్ముతుంది. అప్పటికి అమ్మినవాడు పక్క సంతకు వెళ్లిపోయి ఉంటాడు. చేసినవాడెవరో ఎవరికీ తెలియదు.

విజయనగరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులకు కాక పెట్టే పని మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను వదలని ఆలోచన ఇదే. కత్తిని కత్తిగా చేసే పని కంటికి ఆనదు. ఆకారం కనిపిస్తుంది, మెరుగు కనిపిస్తుంది, పిడికి వాడిన కర్ర కనిపిస్తుంది. అసలు గుణం మాత్రం లోహం లోపల, పరమాణువుల అమరికలో ఉంటుంది. దాన్ని పెట్టినవాడికి కూడా అది కనపడదు. కనపడని పనిని ఒకడు నిజాయితీగా చేశాడని ఇంకొకడు ఎలా నమ్మాలి? మా తాతల కాలానికి ఈ ప్రశ్నకు జవాబు ఉంది. మనకు ఇంకా దొరకలేదు.

ఆ జవాబు ఊరి కొలిమి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ అక్కడక్కడ కమ్మరి కొలిములు వెలుగుతున్నాయి. తోలు తిత్తుల చోట చేత్తో తిప్పే బ్లోయర్లో, కరెంటు బ్లోయర్లో వచ్చాయి. దాకలి, సమ్మెట, పట్టకారు, పక్కన నీళ్ల తొట్టి మాత్రం అలాగే ఉన్నాయి. ఇనుము ఎక్కువగా పాత లారీల నుంచి వస్తుంది. లారీలకు పేరుపడ్డ సాలూరు లాంటి ఊళ్లలో అరిగి విరిగిన కమాను పట్టీలకు కొదవలేదు. అవి మామూలు ఇనుము కావు. ఈఎన్ 45 రకం పట్టీలో కార్బన్ అర శాతానికి కాస్త పైన ఉంటుంది, సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది, మాంగనీసు ఒక శాతానికి దగ్గరగా ఉంటుంది. కొన్నేళ్లపాటు గోతుల రోడ్ల మీద బస్తాల బరువు మోసిన ఉక్కు అది. కొడవలికైనా కత్తిపీటకైనా బాగా పనికొస్తుంది.

కమ్మరి ఆ ముక్కను కాల్చి, సాగగొట్టి, అంచు తీసి, చివర మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. దాన్నే కత్తికి నీళ్లు పెట్టడం అంటారు. ఎంత ఎరుపులో ముంచాలన్నది ఆయన కంటి లెక్క. ఎండలో చూస్తే రంగు తక్కువగా తోస్తుంది, చీకట్లో ఎక్కువగా తోస్తుంది. కొలిమిశాలకు ఎప్పుడూ నీడ ఉండటానికి, పట్టపగలు కూడా అది మసకగా ఉండటానికి కారణం బీదరికం ఒక్కటే కాదు, ఆ కంటి కొలతకు అదే మసక కావాలి. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. ఈ రకం ఉక్కుకు నీళ్లు పెట్టే వేడి అక్కడి నుంచి ఇంకొంచెం పైన ఉంటుంది. థర్మామీటరు ఎరగని కన్ను ఆ చోటును ఇరవై ముప్ఫై డిగ్రీల తేడాలో పట్టుకోవడం నేను చూశాను. అంతకంటే గొప్ప చేతిపనిని నేనింకా చూడలేదు.

ఆ కన్ను తప్పితే ఏమవుతుందో ఊరందరికీ తెలిసేది. కోతల్లో కొడవలి వంగినా నొక్కులు పడినా రైతు మళ్లీ ఆ కొలిమి దగ్గరికే వెళ్లేవాడు. కమ్మరికి కూలి డబ్బుగా కాక కళ్లంలో మేరగా అందేది. ఏడాది పొడుగునా నాగలి కర్రుకీ పారకీ కొడవలికీ చేసిన పనికి పంట ఇంటికొచ్చేటప్పుడు వడ్లు కొలిచి ఇచ్చేవారు. అంటే పనిముట్టు పంటను ఇంటికి తెచ్చాకే కమ్మరికి బువ్వ. ఆ ఏర్పాటులో ఎన్నో అన్యాయాలు ఉన్నాయి, కొలిచే చేతికీ పట్టే చేతికీ మధ్య కులం నిలబడి ఉండేది. దాన్ని మెచ్చుకోమని నేను అనడం లేదు. కానీ కనపడని పనికి పూచీ ఎవరిదన్న ప్రశ్నకు అందులో తిరుగులేని జవాబు ఉంది. చేసినవాడు పక్క వీధిలో ఉన్నాడు, వచ్చే పంటకు కూడా అక్కడే ఉంటాడు.

మరి స్టెయిన్‌లెస్ ఎందుకు? ఇనుప కత్తిపీట అంత మంచిదైతే దాన్నే వాడుకోవచ్చు కదా అని అడుగుతారు. అడగాల్సిందే. ఆవకాయ రోజుల్లో మామిడికాయను టెంకతో సహా నిలువునా చీల్చే పెద్ద కత్తికి ఇప్పటికీ కమాను పట్టీ ఉక్కును మించింది లేదు. అక్కడ దెబ్బకు ఓర్చుకోవాలి, విరగకూడదు. కానీ మనది సముద్రం ఒడ్డు. భావనపాడులోనో కళింగపట్నంలోనో చేపలు కోసే అమ్మల చేతిలోని కత్తిపీటను చూడండి. ఉప్పు నీళ్లు, చేప నెత్తురు, ఉప్పు గాలి కలిసి రాత్రికి రాత్రే దాని మీద ఎర్రటి పొర వేస్తాయి. పొద్దున్నే ఇసకతోనో ఇటుక పొడితోనో తోమి మళ్లీ అంచు తీయాలి. ఏడాది తిరిగేసరికి అలుగు సగం సన్నబడిపోతుంది. నౌపడ ఉప్పు మళ్ల పక్క ఊళ్లలో ఇంటి తలుపు గొళ్లేలే తుప్పు తినేస్తుంటే ఇక కత్తి సంగతి చెప్పేదేముంది? లోపలి ఊళ్లలో ఉప్పు బాధ లేకపోయినా పులుపు బాధ ఉంది. పచ్చి మామిడికాయ, చింతకాయ, సీతంపేట కొండల అనాస, వీటిలో ఏది కోసినా ఇనుము నల్లబడుతుంది, ముక్కకు ఇనుప రుచి తగులుతుంది. ఉద్దానంలో జీడిపప్పు పని చేసేవాళ్లకు జీడినూనె చేతుల్నే కాల్చేస్తుంది, పనిముట్టును ఎందుకు వదులుతుంది? ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా జరిగే పనులు. తోమడం, ఆరబెట్టడం, నూనె రాయడం కూడా వాళ్ల పనే. తుప్పు పట్టని, పదును పోని కత్తి వాళ్ల పొద్దులో రోజూ కొంత మిగులుస్తుంది. నాకు ఈ పని మీద మమకారం కలగడానికి మొదటి కారణం ఇదే.

తుప్పు పట్టకపోవడానికి కారణం క్రోమియం. ఉక్కులో అది పదిన్నర శాతం దాటితే లోహం పైన క్రోమియం ఆక్సైడు పొర ఒకటి తనంతట తాను ఏర్పడుతుంది. మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు మాత్రమే. గీరుకుపోతే గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ కట్టుకుంటుంది. ఇంతవరకు బడి పుస్తకాల్లో ఉన్నదే. కత్తుల దగ్గరికి వచ్చేసరికి ఈ కథలో ఒక మెలిక పడుతుంది. పదును నిలవాలంటే కార్బన్ కావాలి. కార్బన్‌కు ఇనుము కంటే క్రోమియం మీద మోజు ఎక్కువ. రెండూ జతకట్టి కార్బైడు గడ్డలుగా లోహంలో కూర్చుంటాయి. అలా కూర్చున్న క్రోమియం తుప్పును ఆపదు, అలా కూర్చున్న కార్బన్ ఉక్కును గట్టిపరచదు. డీ2 అనే పనిముట్ల ఉక్కు దీనికి మంచి ఉదాహరణ. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంది, అయినా తుప్పు పడుతుంది. కార్బన్ ఒకటిన్నర శాతం ఉండటంతో క్రోమియంలో పెద్ద వాటాను అదే తనతో కట్టేసుకుంది. రేజర్ బ్లేడ్ల కోసం స్వీడన్‌లో తయారైన ఏఈబీ-ఎల్‌లో క్రోమియం 13 శాతమే, కార్బన్ 0.67 శాతం మాత్రమే. దాన్ని సరిగ్గా కాలిస్తే తడి వంటింట్లో కూడా నిలుస్తుంది.

సరిగ్గా కాల్చడం అన్నదాంట్లోనే అంతా ఉంది. క్రోమియం, కార్బన్ విడివిడిగా ఇనుములో కరిగితేనే కత్తికి పదునూ వస్తుంది, తుప్పును ఆపే గుణమూ వస్తుంది. రెండు గుణాలూ ఒకే వేడి పెట్టిన బిడ్డలు. ఆ వేడి మామూలు ఉక్కుకు నీళ్లు పెట్టే వేడి కంటే రెండు వందల డిగ్రీలు పైన ఉంది. 440సీ అనే స్టెయిన్‌లెస్ రకానికి 1010 నుంచి 1065 డిగ్రీల మధ్య కాల్చాలి, ఏఈబీ-ఎల్‌కు 1070 ప్రాంతం. అక్కడికి చేరగానే తీసేస్తే సరిపోదు. పది పదిహేను నిమిషాలు కదలకుండా ఆ వేడిలోనే నిలపాలి. అరిసెల పాకం పట్టేటప్పుడు గిన్నె కాగినంత మాత్రాన లోపలి బెల్లం గడ్డ కరిగిపోదు, సెగ నిలకడగా ఉంచి ఆగాలి. ఇదీ అంతే. ఇరవై డిగ్రీలు తగ్గితే గడ్డలు చాలినంత కరగవు, కత్తి మెత్తగా మిగులుతుంది. ముప్ఫై డిగ్రీలు పెరిగితే రేణువులు ఉబ్బి లోహం పెళుసవుతుంది, పైగా ఉక్కులో కొంత భాగం గట్టిపడకుండానే ఉండిపోతుంది. ఇక్కడ రంగు సాయపడదు. వెయ్యి దాటాక నారింజకూ పసుపుకూ మధ్య ఆ ఇరవై డిగ్రీలను ఏ కన్నూ విడదీయలేదు.

అందుకే నా షెడ్డులో బొగ్గుల కొలిమి లేదు. లోపల ఇటుకలు, వేడి తీగెలు, నడుమ వేడిని కొలిచే ఒక థర్మోకపుల్, బయట అంకెలు చూపే కంట్రోలరు ఉన్న చిన్న కరెంటు కొలిమి ఉంది. మూడు కిలోవాట్లది, 16 ఆంపియర్ల ప్లగ్గు మీద నడుస్తుంది. వేసవి సాయంత్రాలు వీధిలో అందరి ఏసీలు ఒకేసారి తిరిగితే వోల్టేజి పడిపోతుంది, కొలిమి వెయ్యి దగ్గర మొండికేస్తుంది. అందుకని ఎండాకాలంలో తెల్లవారుజామునే పని. కత్తిని ఊరికే లోపల పెట్టకూడదు. ఆ వేడిలో గాలి తగిలితే పైపొర పొలుసులు కడుతుంది, అంచులోని కార్బన్ మండిపోతుంది. అంచే మెత్తబడితే ఇక కత్తెందుకు? సన్నటి స్టెయిన్‌లెస్ రేకులో పొట్లం కట్టి, అంచులు రెండు మడతలు మడిచి, లోపల చిన్న కాగితం ముక్క వేస్తాను. ఆ కాగితం కాలి పొట్లంలో మిగిలిన ఆక్సిజన్‌ను తినేస్తుంది.

సమయం కాగానే పొట్లాన్ని బయటికి తీసి రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య పెట్టి బిగిస్తాను. నీళ్లు లేవు, నూనె లేదు. క్రోమియం ఇంత ఉన్న ఉక్కు గాలిలో చల్లారినా గట్టిపడుతుంది, పలకలు వేడిని తొందరగా లాగేస్తాయి, కత్తి వంకర పోకుండా పట్టుకుంటాయి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తరతరాల కమ్మరి పని చేసిన మనిషి, ఇదంతా చేతులు కట్టుకుని చూసి, చివరికి అడిగాడు: "దీనికి నీల్లొద్దేటి బావూ?" అక్కర్లేదు తాతా అన్నాను. పలకలు విప్పాక కత్తిని చేతిలోకి తీసుకుని, నేను ఇచ్చిన ఆకురాయిని అంచు మీద ఆడించాడు. ఆకురాయి పట్టకుండా జారింది. అప్పుడు తల ఊపాడు. ఆయన నమ్మింది నా అంకెల్ని కాదు, ఆ జారుడును.

నీళ్లు అడగడంలో ఆయన వెనక ఎంత దూరం ఉందో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఖడ్గలక్షణం అని ఒక అధ్యాయం ఉంది. కత్తికి తాగించే ద్రవాల పట్టిక అందులో కనిపిస్తుంది: నెత్తురు, నెయ్యి, నీళ్లు, జంతువుల పాలు. అరటి బూడిద క్షారం మజ్జిగతో కలిపి ఒక రాత్రీ పగలూ ఉంచి పెడితే రాయి మీద కూడా విరగదని చెబుతుంది. కొన్ని కోరికల పేరుతో చెప్పినవి, కొన్ని అనుభవంతో చెప్పినవి. ఒక్కటి మాత్రం వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. కత్తి గుణం అది చల్లారే తీరులో ఉందని.

పలకల మధ్య చల్లారాక కూడా స్టెయిన్‌లెస్ పని పూర్తికాదు. ఈ ఉక్కు గట్టిపడటం గది వేడి దగ్గర ఆగదు, ఇంకా కిందికి, సున్నాకు చాలా దిగువకు సాగుతుంది. మామూలు ఫ్రిజ్ పై అర ఇచ్చే మైనస్ 18 కొంత మేలు చేస్తుంది. డ్రై ఐస్ మైనస్ 78 దాకా తీసుకెళ్తుంది. ద్రవ నైట్రోజన్ అయితే మైనస్ 196. మన పల్లెల్లో ద్రవ నైట్రోజన్ ఎవరికీ కొత్త కాదు, పశువుల ఆస్పత్రికి వీర్యం స్ట్రాలు నిలవ చేసే డబ్బాల్లో వచ్చేది అదే. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మూసిన గదిలో నైట్రోజన్ వదిలితే అది ఆక్సిజన్‌ను తోసేస్తుంది, వాసన లేదు, రంగు లేదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు. తలుపులు బార్లా తెరిచి, ముఖానికి అద్దం, చేతులకు మందపాటి తొడుగులు లేకుండా ఆ పని ఎవరూ తలపెట్టకూడదు.

ఆ తరువాత మళ్లీ వేడి, ఈసారి సన్నది. 175 నుంచి 200 డిగ్రీలు, రెండు గంటల చొప్పున రెండు విడతలు. ఇంట్లో కేకులు చేసే ఓటీజీ చాలు, పక్కన మంచి థర్మామీటరు ఉంటే. గట్టిపడ్డ ఉక్కు అప్పటిదాకా గాజులాంటిది, కిందపడితే ముక్కలవుతుంది. ఈ సెగ దాని బిగువును కొంత విప్పుతుంది. ఎక్కువ వేడి పెడితే ఇంకా మేలు కదా అనిపిస్తుంది, కానీ 500 డిగ్రీల దరిదాపుల్లోకి తీసుకెళ్తే కరిగిన క్రోమియం మళ్లీ కార్బన్‌తో జతకట్టి సన్నటి గింజలుగా బయటికొస్తుంది. గట్టిదనం కొలిచే యంత్రం అంతా బాగుందనే చెబుతుంది. తుప్పు మాత్రం మొదలవుతుంది. మళ్లీ అదే సంగతి, పైకి తెలియని నష్టం.

ఈ నష్టం స్టెయిన్‌లెస్ పుట్టిన రోజునే దాని వెంట వచ్చింది. 1913 ఆగస్టులో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే లోహం కోసం వెతుకుతూ 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కు పోత పోశాడు. అది ఆమ్లాలకు లొంగకపోవడం చూసి, కత్తులకు బాగుంటుందని ఊళ్లోని కత్తుల తయారీదారులకు ఇచ్చాడు. వాళ్లు మామూలు ఉక్కుకు అలవాటైన వేడిలోనే దాన్ని కాల్చారు. కత్తులు పదును పట్టలేదు. కోయని కత్తులు కనిపెట్టినవాడని బ్రియర్లీని వెక్కిరించారు. మోస్లీ కంపెనీ మేనేజరు ఎర్నెస్ట్ స్టువర్ట్ సరైన వేడి దొరికేదాకా పట్టువదలకుండా ప్రయత్నించాకే ఆ లోహం వంటింట్లోకి అడుగుపెట్టింది. షెఫీల్డు అంటే శతాబ్దాలుగా కత్తులకు పెట్టింది పేరు. అంతటి చేతులకే ఈ లోహం మొదట లొంగలేదంటే లోపం చేతులది కాదు. కంటితో చూసి చేసే విద్య ఎక్కడ ఆగి కొలత ఎక్కడ మొదలవ్వాలో ఆ గీతను ఈ లోహం గీసింది.

ఆ గీతకు అవతలి వైపు కూడా మన తెలుగు నేల ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవారు. ఇనుము ముక్కల్ని మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, రోజంతా ఆరకుండా సెగ పెట్టి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు దిమ్మలు తీసేవారు. అవి పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యేవి. బ్రిటిష్ సర్వే వెంట వచ్చిన భూగర్భ పరిశీలకుడు హెచ్. డబ్ల్యూ. వాయిసీ ఆ పని చూసి రాసిపెట్టాడు, అది అతను పోయాక 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు ఉక్కు కొనడమే కాదు, తూకాలు వేసేటప్పుడు, మూసలు నింపేటప్పుడు దగ్గరుండి చూసుకునేవాడని అందులో ఉంది. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయబోతే కుదరలేదని ఆ వర్తకుడే చెప్పాడట. నాకు ఈ సంగతి మరీ ఇష్టం. కడలి దాటి వచ్చినవాడికి కూడా తెలుసు, ఈ సరుకును చూసి కొనలేమని, చేస్తుండగా చూడాలని. అందుకని మెరుగును కాక పనిని చూడటానికి నిలబడ్డాడు.

ఆ మూస ఉక్కు గుణం ఏమిటో తెలుసుకోవాలని లండన్‌లో 1819లో విశ్లేషణ చేసినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి మన ఉక్కును అనుకరించబోయి, ఉక్కులో వెండి, ప్లాటినం, క్రోమియం లాంటివి ఒక్కొక్కటే కలిపి చూశాడు. ఆ ప్రయోగాలు 1820, 1822ల్లో వెలువడ్డాయి. ఉక్కులో క్రోమియం కలిపి చూసిన తొలి చేతుల్లో వాళ్లవి కూడా ఉన్నాయి. కోనసముద్రం మూసకూ నా షెడ్డులోని పొట్లానికీ మధ్య ఇంత సూటి దారి ఉందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక మన జిల్లాల సంగతి. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. గర్భాం, కోడూరు గనుల పేర్లు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంటాయి. ఎల్. ఎల్. ఫెర్మర్ అనే శాస్త్రవేత్త ఇక్కడి ఒక రాయికి కోడూరు పేరు మీదనే కోడురైట్ అని పేరు పెట్టాడు. ఆ ఖనిజం ఓడలెక్కి పరాయి దేశాల ఉక్కు కొలిముల్లోకి వెళ్లింది. 1950ల్లో గరివిడి పక్కన శ్రీరాంనగర్‌లో ఫేకర్ కర్మాగారం వచ్చాక ఫెర్రో మాంగనీసు ఇక్కడే తయారైంది, తరువాతి కాలంలో ఫెర్రో క్రోము కూడా. స్టెయిన్‌లెస్‌కు ముడిసరుకు అదే. టన్ను ఫెర్రో క్రోముకు సుమారు 3,500 నుంచి 4,000 యూనిట్ల కరెంటు మింగే పని అది. ఆ కొలిముల మంట, దుమ్ము, వేడి మన మనుషులు భరించారు. ఆ దిమ్మలు రైలెక్కి వెళ్లి, ఎక్కడో స్టెయిన్‌లెస్ అయి, రేకులై, కత్తులై, ప్లాస్టిక్ కవరులో మెరుస్తూ మళ్లీ మన సంతల్లోకి వస్తాయి. నేల ఇచ్చినది నేలను వదిలి వెళ్లడంలో తప్పు లేదు, లోహం ఎప్పుడూ ప్రయాణిస్తూనే ఉంటుంది. నా బాధ వేరు. ఆ ప్రయాణంలో టన్నుల బరువు మోసే పని మనకు మిగిలింది. గుణం పెట్టే ఆఖరి పావుగంట మన చేతికి ఎప్పుడూ రాలేదు.

సంతలో వచ్చే ఆ కత్తులు ఎలాంటివో ఒకసారి చూడాలి. చాలావాటికి గట్టిపడే గుణమే ఉండదు. పళ్లాలకు, గ్లాసులకు వాడే 304 రకం రేకును, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నదాన్ని, ఎంత కాల్చినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. అయస్కాంతం సాధారణంగా దానికి అంటుకోదు, కొనేటప్పుడు అది ఒక గుర్తు. కానీ అంటుకున్నంత మాత్రాన మంచిదని కూడా అనుకోకూడదు. 430 లాంటి రకాలకు అయస్కాంతం గట్టిగానే అంటుకుంటుంది, అవి కూడా వేడితో గట్టిపడవు. సరైన ఉక్కునే వాడినా, సరైన వేడి చూసినా, చివర సానరాయి మీద తొందరపడి అంచును నీలిరంగు తిరిగేలా రుద్దితే అంతవరకు చేసింది ఆ అంచు మేరకు పోతుంది. నీలం మరకను పాలిష్ చేస్తే మాయమవుతుంది, పోయిన గట్టిదనం తిరిగిరాదు.

కనపడని దాన్ని చూడటానికి నాకు తెలిసిన పద్ధతులు మూడే. ఒకటి ఆకురాయి. రెండోది రాక్‌వెల్ యంత్రం, వజ్రపు మొనతో 150 కిలోల బరువు పెట్టి ఎంత లోతు దిగిందో చెబుతుంది. వంటింటి కత్తికి 58 నుంచి 61 మధ్య అంకె వస్తే నాకు తృప్తి. మూడోది విరగ్గొట్టడం. అదే రేకులోంచి కోసిన చిన్న ముక్కను కత్తులతో పాటే కాల్చి, చల్లార్చి, చివర వైసులో బిగించి విరిచేస్తాను. విరిగిన చోట మొఖమల్ లాంటి సన్నటి బూడిద రంగు ఉంటే వేడి సరిపోయిందని, పంచదార పలుకుల్లా మెరిస్తే రేణువులు ఉబ్బాయని అర్థం. ఇంత పని చేసి ఒక ముక్కను ముక్కలు చేయడం వృథా అని కొందరంటారు. ఆ ముక్కను విరవకపోతే మిగతా కత్తుల గురించి నేను ఒక్క మాట కూడా ధైర్యంగా చెప్పలేను. కొన్న మనిషికి దాన్ని కూడా కత్తితో పాటే ఇస్తాను.

ప్రతి కత్తి తోకమీద, పిడిలోకి దూరే చోట, ఒక అంకె చెక్కుతాను. నోటుపుస్తకంలో ఆ అంకె ఎదురుగా ఉక్కు రకం, కొలిమి చూపిన వేడి, నిలిపిన నిమిషాలు, చల్లార్చిన తీరు, రెండో సెగ ఎంత, రాక్‌వెల్ అంకె ఎంత అన్నీ ఉంటాయి. కళ్లంలో వడ్లు కొలిచే రోజులు మళ్లీ రావు, రావాలనీ కోరను. కానీ కత్తి పట్టుకుని తిరిగి రావడానికి ఒక గడప ఉండాలి. ఆ గడప దగ్గర ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఒక లెక్క ఉండాలి.

ఇది నా ఒక్కడి షెడ్డుతో అయ్యే పని కాదు. మన రెండు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో, ఐటీఐల్లో మఫిల్ కొలిములూ రాక్‌వెల్ యంత్రాలూ ఉన్నాయి. పిల్లలు పరీక్షల ముందు కొన్ని ప్రయోగాలు చేస్తారు, మిగతా ఏడాది వాటి మీద గుడ్డ కప్పి ఉంటుంది. నెలలో ఒక ఆదివారం ఆ గదులు తెరిచి, చుట్టుపక్కల కమ్మరి కుటుంబాల పిల్లల్ని కత్తులు తెచ్చుకోమంటే ఎంత బాగుంటుంది! రేకు కోయడం, అంచు తీయడం, వంకర సరిచేయడం, సమ్మెట ఎక్కడ పడాలో చూడగలగడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. వాళ్లకు లేనిది 1070 డిగ్రీల దగ్గర నిలబడే ఒక పెట్టె మాత్రమే. ఒక విడత కాల్పుకు చిన్న కొలిమికి అయ్యే కరెంటు కొద్ది యూనిట్లే. లెక్చరర్లకు కూడా మేలే, ఇనుము కార్బన్ పటాన్ని బోర్డు మీద గీసి చెప్పే పాఠం అప్పుడు చేపలు కోసే అమ్మ చేతిలో పరీక్షకు నిలబడుతుంది.

అలాంటి ఆదివారం వచ్చేదాకా నా కొలిమి ఉంది. నేను కత్తి అమ్మేటప్పుడు కొనేవాళ్లను ముందు రోజు తెల్లవారుజామున రమ్మంటాను. పొట్లం కట్టడం దగ్గర నుంచి ముక్క విరగ్గొట్టడం దాకా దగ్గరుండి చూడొచ్చు, కంట్రోలరు మీద అంకె వాళ్లే చదవొచ్చు, నోటుపుస్తకంలో వాళ్ల చేత్తోనే రాయొచ్చు.